మిషన్ ఆపాక మొదలయ్యే పని

తెనాలిలో ఉన్న మా పెద్దమ్మకి నెబులైజర్ కొనిచ్చి వారం తిరక్కుండానే ఫోన్ వచ్చింది.

“ఒరే నాయనా, రెండుపూటలా మిషన్ పెట్టుకుంటూనే ఉన్నాను. కఫం మాత్రం ఉన్నచోటే ఉంది. ఇది మంచిది కాదేమోరా, మార్పించి ఇంకోటి పంపు.”

మిషన్‌కి ఏ లోపమూ లేదు. తుంపర బాగానే వస్తోంది, కప్పులో పోసిన మందు పదిహేను నిమిషాల్లో అయిపోతోంది. లోపమల్లా మాది. ఆ పెట్టె ఏం చేస్తుందో, ఏం చెయ్యదో ఆమెకి మేమెవరమూ చెప్పలేదు. పీలిస్తే చాలు, కఫం దానంతటదే కరిగిపోతుందని ఆమె అనుకుంది. ఆ మాటకొస్తే అప్పటిదాకా నేనూ అలాగే అనుకున్నాను. నెబులైజర్ కఫాన్ని తడుపుతుంది, వదులు చేస్తుంది. దాన్ని బయటికి తెచ్చే పని స్విచ్ ఆపాక మొదలవుతుంది. ఆ పని మన ఊపిరే చెయ్యాలి. ఇంట్లో కొత్తగా మిషన్ పెట్టుకున్న చాలామందికి ఈ రెండో సగం ఎవరూ చెప్పరు.

పెద్దమ్మకి ముప్ఫయ్యేళ్ళ కిందట టీబీ వచ్చింది. మందులు పూర్తిగా వాడింది, క్రిములు పోయాయి. కానీ ఎడమ ఊపిరితిత్తి అడుగున గాలిగొట్టాలు దెబ్బతిని, సాగి, వెడల్పుగా మిగిలిపోయాయి. దీన్ని బ్రాంకియెక్టాసిస్ అంటారు. స్టెతస్కోపు కనిపెట్టిన ఫ్రెంచి వైద్యుడు లెనెక్ 1819లోనే ఈ జబ్బుని వర్ణించాడు. పంటకాలవ గట్టు కోసుకుపోయి పక్కన గుంట పడిందనుకోండి. పారే నీళ్ళు అక్కడికొచ్చి నిలుస్తాయి, నిలిచిన నీళ్ళకి పాచి పడుతుంది. సాగిన గాలిగొట్టంలో కఫం గతీ అంతే. నిలిచిన కఫంలో బాక్టీరియా పెరుగుతుంది, దానివల్ల వాపు వస్తుంది, వాపువల్ల గొట్టం ఇంకాస్త సాగుతుంది, అక్కడ ఇంకాస్త కఫం చేరుతుంది.

టీబీ అంటే మన పెద్దవాళ్ళకి మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానటోరియం గుర్తుకొస్తుంది, హైదరాబాదు వాళ్ళకి ఎర్రగడ్డ ఛాతీ ఆస్పత్రి గుర్తుకొస్తుంది. జబ్బు నయమై ఇంటికొచ్చిన వాళ్ళ కథ అక్కడితో అయిపోయిందని అందరూ అనుకుంటారు. కొందరికి అవ్వదు. మన దేశపు బ్రాంకియెక్టాసిస్ రోగుల వివరాలు 2019లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చాయి. అందులో నమోదైన 2,195 మందిలో 35.5 శాతానికి మూలం టీబీయే. ఎప్పుడో పోయిందనుకున్న జబ్బు వదిలివెళ్ళిన గుంటలు ఇవి.

కఫాన్ని మనం అసహ్యించుకుంటాం గానీ, అది లేకపోతే ఊపిరితిత్తులు నాలుగు రోజులు నిలవవు. పీల్చే గాలితో దుమ్ము, పొగ, క్రిములు లోపలికి పోతూనే ఉంటాయి. గాలిగొట్టాల లోపలి గోడమీద పల్చటి జిగురు పొర వాటిని అంటించుకుంటుంది. ఆ పొర కింద కణాలమీద సీలియా అనే కంటికి కనపడని నూగు ఉంటుంది. ఒక్కో కణానికి దాదాపు 200 పోగులు, ఒక్కో పోగు పొడవు 7 మైక్రోమీటర్లు, అంటే మన వెంట్రుక మందంలో పదోవంతు. గాలికి వరిచేను ఒక కొసనుంచి ఇంకో కొసకి ఊగినట్టు ఇవి సెకనుకి పదికి పైగా సార్లు ఊగుతూ, పైనున్న జిగురుని గొంతువైపు నెడుతుంటాయి. పెద్ద గొట్టంలో ఆ ప్రయాణం నిమిషానికి కొన్ని మిల్లీమీటర్లు. గొంతుదాకా వచ్చిన దాన్ని తెలియకుండానే మింగేస్తాం. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో కూడా ఇది రోజంతా జరుగుతూనే ఉంటుంది.

ఈ ఏర్పాటంతా నీళ్ళమీద ఆధారపడింది. ఆరోగ్యంగా ఉన్న కఫంలో 97, 98 శాతం నీరే. మిగిలిన రెండు మూడు శాతంలో మ్యూసిన్ అనే పొడవాటి ప్రొటీన్ తీగలు, ఉప్పు, ఇతర పదార్థాలు ఉంటాయి. నీరు తగ్గేకొద్దీ మ్యూసిన్ తీగలు చిక్కుపడి, కఫం చిక్కని బంకలా తయారవుతుంది. అమెరికాలో నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు 2012లో ఇంకో సంగతి చూపించారు. ఎండిపోయిన కఫం తన అడుగునున్న నూగు పొరలోంచి కూడా నీళ్ళు లాగేసుకుంటుంది. అప్పుడు ఆ పోగులు నేలకి ఒరిగిన పైరులా అణిగిపోతాయి. ఇక నెట్టేదెవరు? పెద్దమ్మ ఛాతీలో ‘ఉన్నచోటే ఉన్న’ కఫం అదే.

మరి నీళ్ళు అక్కడికి ఎలా పంపాలి? మందుల్లోకెల్లా చవకదైన ఉప్పు ఇక్కడ పనికొస్తుంది. ఆవకాయ ముక్కలకి ఉప్పు పట్టిస్తే తెల్లారేసరికి జాడీలో ఊట ఊరుతుంది కదా. ఉప్పు ఎక్కువున్న వైపుకి నీరు నడుస్తుంది. గాలిగొట్టం గోడమీద ఉప్పునీటి తుంపర పడితే, గోడలోని కణాలనుంచి నీరు కఫంలోకి ఊరుతుంది. బంక పల్చబడుతుంది, అణిగిన నూగు లేస్తుంది. పైగా ఉప్పు కాస్త గిలిపెట్టి దగ్గు తెప్పిస్తుంది. అదీ మంచికే.

ఈ వైద్యం వెనక ఆస్ట్రేలియా సముద్రతీరం ఉంది. అక్కడ సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే పుట్టుజబ్బు ఉన్న కుర్రాళ్ళలో, అలలమీద సర్ఫింగ్ చేసేవాళ్ళ ఊపిరితిత్తులు మెరుగ్గా ఉంటున్నాయని డాక్టర్లు గమనించారు. ఆ జబ్బులో కఫం విపరీతంగా చిక్కబడి ప్రాణం మీదికి తెస్తుంది. అలల తుంపర పీల్చడమే కారణమా అన్న అనుమానంతో సిడ్నీ పరిశోధకులు ముందుకెళ్ళారు. 164 మందిని తీసుకుని, సగంమందికి 7 శాతం ఉప్పునీరు, సగంమందికి 0.9 శాతం ఉప్పునీరు, 4 మిల్లీలీటర్ల చొప్పున రోజుకి రెండుసార్లు 48 వారాలపాటు నెబులైజర్‌తో పీల్పించారు. 2006లో ఫలితాలు న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చాయి. చిక్కటి ఉప్పునీరు పీల్చిన వాళ్ళలో జబ్బు తిరగబెట్టడం 56 శాతం తగ్గింది.

ఈ అంకెలు కాస్త గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే మందులషాపులో అన్నిటినీ ‘సెలైన్’ అనే ఇస్తారు. 0.9 శాతమంటే మన రక్తంతో సమానమైన ఉప్పు. దాన్ని నార్మల్ సెలైన్ అంటారు. అది తడి చేస్తుంది గానీ నీటిని పెద్దగా లాగదు. సముద్రపు నీటిలో ఉప్పు సుమారు 3.5 శాతం. నెబులైజర్‌కి వాడే హైపర్‌టానిక్ సెలైన్ 3 శాతం అయితే సముద్రానికి కాస్త తక్కువ, 7 శాతం అయితే దానికి రెట్టింపు. డాక్టర్ చీటీలో ఏ శాతం రాశారో, చేతికొచ్చిన ప్లాస్టిక్ ఆంపూల్‌మీద ఏ శాతం ఉందో రెండూ సరిచూసుకోండి. ఇంట్లో ఉప్పు కలుపుకుని మాత్రం వాడొద్దు. ఎంత కాచినా కొలత కుదరదు, శుభ్రతా కుదరదు. కుళాయి నీళ్ళు, మినరల్ క్యాన్ నీళ్ళు కప్పులో పొయ్యడం అంతకన్నా ప్రమాదం. నేరుగా ఊపిరితిత్తుల్లోకి వెళ్ళే తుంపరలో ఒక్క క్రిమి కూడా ఉండకూడదు. ఉప్పులేని నీటి తుంపరకి గాలిగొట్టాలు బిగుసుకుపోతాయి కూడా.

ఇప్పుడు మిషన్ సంగతి. ఎక్కువ ఇళ్ళలో ఉండేది గుర్రుమని మోగే కంప్రెసర్ రకం. పాతకాలంలో దోమలకి ఫ్లిట్ కొట్టే పిచికారీ చూసినవాళ్ళకి దీని కిటుకు వెంటనే అర్థమవుతుంది. సన్నటి గొట్టం మూతిమీదుగా గాలి జోరుగా కొడితే అక్కడ పీడనం తగ్గి, కింది ద్రవం పైకి ఎక్కి చుక్కలుగా చెదురుతుంది. తేడా ఏమిటంటే, నెబులైజర్ కప్పులో ఆ చుక్కలు ఎదురుగా ఉన్న చిన్న అడ్డుకి కొట్టుకుంటాయి. పెద్ద చుక్కలు అక్కడే ఆగి కప్పులోకి జారి, మళ్ళీ లేస్తాయి. చిన్నవి మాత్రమే బయటికొస్తాయి. 1 నుంచి 5 మైక్రోమీటర్ల చుక్కలైతేనే లోపలి గొట్టాలదాకా వెళ్తాయి. అంతకన్నా పెద్దవి నోట్లో, గొంతులో పడిపోతాయి. కప్పులో ఉండే ఆ చిన్న ప్లాస్టిక్ అడ్డు పోగొట్టుకున్నా, తిరగేసి బిగించినా తుంపర రాదు, లేదా ముతకగా వస్తుంది. చవకైన ముక్కే గానీ మిషన్ పనంతా దానిమీదే ఉంది.

మిషన్ నడుస్తుండగా కప్పుని అరచేత్తో పట్టుకుని చూడండి. చల్లగా తగులుతుంది. చుక్కలనుంచి నీరు ఆవిరవుతూ వేడిని లాక్కుంటుంది కాబట్టి. మనవాళ్ళు ‘ఆవిరి పెట్టించుకున్నాం’ అంటారు గానీ ఇది ఆవిరి కాదని ఆ చలవే చెబుతోంది. ఆవిరిలో నీరు తప్ప ఉప్పుగానీ మందుగానీ ఉండదు, అదీ ముక్కు, గొంతు దగ్గరే చల్లారిపోతుంది. నెబులైజర్ చుక్క తనలో ఉప్పునీ మందునీ మోసుకెళ్తుంది. ఈ మాటల గందరగోళం వల్లే కొందరు ఆవిరి గిన్నెలో వేసినట్టు కప్పులో కూడా నీలగిరి తైలం వేస్తారు. మా పెద్దమ్మా వేసింది, రెండు చుక్కలే. నూనె తుంపర ఊపిరితిత్తుల్లోకి పోతే అక్కడ అరగదు, కదలదు. నూనెవల్ల వచ్చే న్యుమోనియా ఒకటి వేరే ఉంది. బామ్‌లు, తైలాలు, కషాయాలు ఏవీ ఆ కప్పులోకి పోకూడదు.

ఇంకో అపోహ 2021లో కోవిడ్ రెండో అల రోజుల్లో ఊరూరా తిరిగింది. ఆక్సిజన్ సిలిండర్ దొరక్కపోతే నెబులైజర్ చాలన్న వీడియో అది. నెబులైజర్ గదిలో గాలినే తీసుకుని కప్పులోకి ఊదుతుంది. ఆ గాలిలో ఆక్సిజన్ 21 శాతం. మిషన్ లేకుండా పీల్చినా అంతే. ఆక్సిజన్ పడిపోతున్న మనిషిని మిషన్ ముందు కూర్చోబెడితే పోయేది విలువైన సమయం.

మొదటిసారి హైపర్‌టానిక్ సెలైన్ పీల్చడం ఇంట్లో చెయ్యకూడదు. దాన్ని డాక్టర్ దగ్గర, ఊపిరి బలం ముందూ తరవాతా కొలిపించుకుని మొదలుపెట్టాలి. ఉప్పు ఘాటుకి కొందరి గాలిగొట్టాలు ముడుచుకుని ఆయాసం, పిల్లికూతలు వస్తాయి. ఉబ్బసం ఉన్నవాళ్ళకి ఈ ప్రమాదం మరీ ఎక్కువ. అందుకే సెలైన్‌కి పది పదిహేను నిమిషాల ముందు గొట్టాల్ని తెరిచే సాల్బుటమాల్‌లాంటి మందు ఇస్తారు. సిడ్నీ పరిశోధనలోనూ అలాగే ఇచ్చారు. టీబీ వచ్చిపోయిన వాళ్ళు ఇంకో జాగ్రత్త తీసుకోవాలి: మొదలుపెట్టే ముందు కఫం పరీక్ష చేయించుకోవాలి. కఫం రాని మనిషినుంచి టీబీ పరీక్షకి నమూనా తియ్యాలంటే ఆస్పత్రుల్లో పీల్పించేది కూడా ఈ చిక్కటి ఉప్పునీరే. అంటే ఇది దగ్గు తెప్పించి తీరుతుంది. టీబీ మళ్ళీ వచ్చిందో లేదో తెలుసుకోకుండా తలుపులేసిన గదిలో పిల్లల్ని పక్కన పెట్టుకుని మిషన్ పెట్టుకుంటే, ఆ దగ్గు ఇంటిల్లిపాదికీ చేటు.

ఏ మందు ముందు, ఏది తరవాత అన్నది కూడా ముఖ్యమే. ముందు గొట్టాలు తెరిచే మందు, తరవాత ఉప్పునీరు, తరవాత కఫం బయటికి తీసే పని. స్టెరాయిడ్ గానీ, పీల్చే యాంటీబయాటిక్ గానీ రాసి ఉంటే అది ఆఖర్న, గొట్టాలు శుభ్రపడ్డాక. కఫంమీద యాంటీబయాటిక్ చల్లితే అది కఫంతోపాటే బయటికొచ్చేస్తుంది. టైం కలిసొస్తుందని అన్నీ ఒకే కప్పులో కలపడం డాక్టర్ చెబితే తప్ప చెయ్యొద్దు.

కూర్చోవడం నిటారుగా. వీలైతే మాస్క్ బదులు నోట్లో పెట్టుకునే మౌత్‌పీస్ మంచిది. ముక్కు పుట్టిందే వడగట్టడానికి కాబట్టి మాస్క్‌తో ముక్కుగుండా పీలిస్తే తుంపరలో చాలాభాగం అక్కడే ఆగుతుంది. పైగా మాస్క్ సందుల్లోంచి డుయోలిన్ అనే నెబులైజర్ మందులో ఉండే ఇప్రట్రోపియంలాంటిది కళ్ళలో పడితే గ్లాకోమా ఉన్నవాళ్ళకి కంటిలో ఒత్తిడి పెరగొచ్చు. మామూలుగా ఊపిరి పీలుస్తూ, మధ్యమధ్య ఒకటి నిదానంగా లోతుగా తీసి ఒక్క క్షణం ఆపితే చాలు. కప్పు చిటపటలాడడం మొదలుపెట్టాక అడుగున మిగిలిన చుక్కలకోసం ఇంకో పది నిమిషాలు కూర్చోనక్కర్లేదు. ఒక మిల్లీలీటరు దాకా ఎలాగూ మిగిలిపోతుంది.

ఇక్కడితో మిషన్ పని అయిపోయింది. ఛాతీ ఆస్పత్రిలో ఫిజియోథెరపీ అమ్మాయి పెద్దమ్మకి తరవాతి పని నేర్పుతుంటే నేను పక్కనే ఉన్నాను.

“అమ్మా, మీరు కళ్ళజోడు తుడుచుకునేముందు అద్దంమీద ‘హా’ అని ఊదుతారు కదా?”

“ఊదుతాను తల్లీ.”

“అలాగే ఊదండి. దగ్గొద్దు. నోరు గుండ్రంగా తెరిచి, పొట్ట బిగించి.”

పెద్దమ్మ కళ్ళజోడు తీసి నిజంగానే అద్దంమీద ఊదింది. అద్దం మసకబారింది. రెండోసారి కాస్త పొడుగ్గా ఊదింది. ఛాతీలో ఎక్కడో గరగరమని చప్పుడు కదిలింది, ఆ అమ్మాయి తలూపింది. మూడోసారికి కఫం గొంతులోకి వచ్చింది, ఒక్క చిన్న దగ్గుతో బయటపడింది. అన్నేళ్ళుగా కళ్ళనీళ్ళొచ్చేలా, పక్కటెముకలు నొప్పెట్టేలా దగ్గిన మనిషి, తను ఏదో తప్పు చేసినట్టు మా ఇద్దరివంకా చూసింది. ఇంత తేలిగ్గా వస్తుందని ఆమెకి ఎవరూ చెప్పలేదు మరి.

దీన్ని హఫ్ అంటారు. గట్టిగా దగ్గినప్పుడు ఛాతీలో ఒత్తిడి ఒక్కసారిగా పెరిగి బలహీనమైన గొట్టాలు నలిగి మూసుకుపోతాయి. కఫం వాటి వెనకే చిక్కుపడుతుంది. గొంతు తెరిచి ఊదితే గొట్టాలు అంతగా మూసుకోవు, గాలి కఫాన్ని వెనకనుంచి తోసుకొస్తుంది. చిన్న ఊపిరి తీసి పొడుగ్గా ఊదితే లోతునున్న కఫం కదులుతుంది. నిండా ఊపిరి తీసి పొట్టిగా, జోరుగా ఊదితే పెద్ద గొట్టాల్లో ఉన్నది బయటికొస్తుంది. నేర్పిన క్రమం ఇదీ: కాసేపు తేలికగా ఊపిరి. తరవాత మూడు నాలుగు లోతైన ఊపిరులు, ఒక్కోదాన్నీ మూడు సెకన్లు ఆపడం. ఆ ఆపడంలో గాలి పక్క దార్లగుండా కఫం వెనక్కి చేరుతుంది. తరవాత ఒకటి రెండు హఫ్‌లు. మళ్ళీ తేలిక ఊపిరి. అవసరమైతే జబ్బున్న భాగం పైకి వచ్చేలా పక్కకి ఒరిగి పడుకోవడం. 1901లోనే లండన్ వైద్యుడు విలియం ఎవర్ట్ ఇదే జబ్బుకి ఈ పడక వైద్యం గురించి లాన్సెట్‌లో రాశాడు. కరెంటు మిషన్లు రాకముందు కఫాన్ని భూమ్యాకర్షణే దించేది, ఇప్పటికీ దించుతుంది.

నెబులైజర్‌ని నేను ఇంత పొగిడాక ఇంకో మాట కూడా చెప్పాలి. బ్రిటన్‌లో బ్రాంకియెక్టాసిస్ ఉన్న 288 మందితో జరిగిన పరీక్ష ఫలితాలు 2025లో వచ్చాయి. 6 శాతం ఉప్పునీరు ఏడాదిపాటు వాడినా, జబ్బు తిరగబెట్టడం తగ్గిందని గట్టిగా చెప్పగలిగినంత తేడా కనపడలేదు. ఆస్ట్రేలియా కుర్రాళ్ళకి పనిచేసినంతగా ఇది అందరికీ పనిచెయ్యదు. నాకు దీంట్లో నిరాశేమీ కనపడలేదు. ఊపిరితో కఫం తియ్యడం పునాది, ఉప్పునీరు దానికి సాయం. సాయం అక్కర్లేని వాళ్ళూ ఉంటారు. ఒకటి రెండు నెలలు పద్ధతిగా వాడినా కఫం తేలిగ్గా రావడం లేదంటే డాక్టర్‌తో మాట్లాడి మానెయ్యొచ్చు. మామూలు జలుబు, వారం రోజుల దగ్గుకి అసలు ఈ మిషనే అక్కర్లేదు. ఉబ్బసానికైతే స్పేసర్ అనే బోలు గొట్టం తగిలించిన ఇన్‌హేలర్ చాలామందికి నెబులైజర్‌తో సమానంగా పనిచేస్తుంది. పెద్ద మిషన్ కాబట్టి పెద్ద మందు అన్న లెక్క లేదు. ‘అలవాటైతే మానలేం’ అన్న భయమూ ఉత్తదే. గొట్టాలు తెరిచే మందు రోజురోజుకీ ఎక్కువసార్లు కావలసొస్తోందంటే జబ్బు ముదురుతోందని, డాక్టర్ దగ్గరికి వెళ్ళాలని అర్థం.

మా ఇంట్లో జరిగిన తప్పు ఒకటుంది. కప్పుని కడిగి, తడి తడిగానే మూతపెట్టి, జిప్పు సంచీలో పెట్టేవాళ్ళం. పది రోజులకి మూత తీస్తే చెమ్మవాసన, కప్పు లోపలి అంచుకి వేలు తగిలితే జారుడు. తడి ఉన్నచోట సూడోమోనాస్‌లాంటి బాక్టీరియా హాయిగా బతుకుతుంది. బ్రాంకియెక్టాసిస్ రోగికి అంతకన్నా మొండి శత్రువు లేదు. దాన్ని మనమే తుంపరగా చేసి లోతుగా పీల్పిస్తున్నామన్నమాట. అప్పటినుంచి వాడిన ప్రతిసారీ కప్పు, మౌత్‌పీస్ విడదీసి సబ్బునీళ్ళతో కడుగుతున్నాం. రోజుకోసారి అయిదు నిమిషాలు మరిగే నీళ్ళలో ఉంచుతున్నాం (ఆ ప్లాస్టిక్ మరిగించొచ్చో లేదో మిషన్‌తో వచ్చిన కాగితంలో ఉంటుంది). తరవాత ఉతికిన పొడిగుడ్డమీద విడివిడిగా ఆరబెడుతున్నాం. గాలి గొట్టం లోపల చెమ్మ కనపడితే దాన్ని కడక్కుండా మిషన్‌కి తగిలించి రెండు నిమిషాలు ఉత్తినే నడిపితే ఆరిపోతుంది. కంప్రెసర్ ఫిల్టర్ తెల్లగా ఉండాలి. బూడిదరంగుకి తిరిగితే మార్చాలి. పైసల్లో పని, అయినా అందరూ మర్చిపోయేది ఇదే.

కఫంలో రక్తం పడితే, పెదాలు నీలంగా మారితే, మిషన్ పెట్టుకున్నాక ఆయాసం తగ్గకపోగా పెరిగితే ఇంట్లో ఇంకో డోసు ప్రయత్నించొద్దు, ఆస్పత్రికి వెళ్ళండి.

పెద్దమ్మ ఇప్పుడు పొద్దున్నే కాఫీకి ముందు, సాయంత్రం దీపం పెట్టేవేళకి మిషన్ పెట్టుకుంటోంది. పడుకోబోయే ముందు పెట్టుకుంటే రాత్రంతా దగ్గుతో నిద్ర ఉండదని తెలుసుకుంది. వంటింటి గోడమీద క్యాలెండర్లో పాల లెక్క పక్కనే కఫం లెక్క కూడా రాస్తోంది: రెండు చెంచాలు, తెలుపు. మూడు చెంచాలు, తెలుపు. కిందటి నెల చెకప్‌కి ఆ క్యాలెండర్ కాగితాన్ని చించి, మడతపెట్టి, పర్సులో పెట్టుకుని తీసుకెళ్ళింది. డాక్టర్‌గారు దాన్ని బల్లమీద పరిచి చూస్తూ చూస్తూ ఒకచోట ఆగారు. వరసగా నాలుగు రోజులు ‘ఆకుపచ్చ’ అని ఉంది. జ్వరం లేదు, ఆయాసం లేదు, తనకేమీ తెలియలేదని పెద్దమ్మ అంది. ఆయన ఆ నాలుగు గళ్ళ చుట్టూ పెన్నుతో గీత గీసి, కఫం కల్చర్ పరీక్షకి చీటీ రాశారు.